ముందు టైరు వదిలిన గాలి ఎటు పోవాలి: ఫార్ములా స్టూడెంట్ కారు ఫ్లోరు డైరీ

జూన్, మొదటి వారం

జనవరిలో కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ (ఫార్ములా స్టూడెంట్ తరహాలో, విద్యార్థులు తామే తయారుచేసిన చిన్న రేసు కార్ల) పోటీకి హైదరాబాదులోని మా కాలేజీ జట్టు కొత్త కారు సిద్ధం చేస్తోంది. అందులో కారు అడుగు భాగాన్ని, అంటే ఫ్లోరును, రూపొందించే పని గాలి ప్రవాహం సంగతి చూసే మా ఏరో బృందానికి అప్పగించారు. నిరుటి కారుకు ఫ్రంట్ వింగ్, రియర్ వింగ్ ఉండేవి గానీ అడుగున ఒక చదునైన అల్యూమినియం రేకు తప్ప మరేమీ లేదు. ఈసారి ముందు చక్రాల వెనక మొదలై, డ్రైవరుకు రెండు పక్కలా సొరంగాల్లా సాగి, వెనక ఇరుసు దాటాక డిఫ్యూజర్‌గా, అంటే గాలిని నిదానింపజేస్తూ విశాలమయ్యే మార్గంగా, పైకి లేచే ఫ్లోరు పెట్టాలని నిర్ణయించుకున్నాము.

ఎంత ఆశించవచ్చో ముందుగా కాగితం మీదే తేల్చుకున్నాము. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, 30 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలకు దగ్గరగా ఉంటుంది. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే కారుకు ఎదురయ్యే గాలి గతిక పీడనం, అంటే దాని వేగం వల్ల కలిగే పీడనం, దాదాపు 153 పాస్కల్. ఒక చదరపు మీటరు ఫ్లోరు కింద సగటు పీడన గుణకం (చుట్టూ ఉన్న గాలితో పీడనం తేడా గతిక పీడనంలో ఎంత వంతో చెప్పే సంఖ్య) మైనస్ 0.5 ఉంటే కారును నేలకు అదిమే బలం, అంటే డౌన్‌ఫోర్స్, 8 కిలోల బరువుకు కూడా చేరదు. దాన్ని మైనస్ 1కి తీసుకెళ్లగలిగితే 15 కిలోలు దాటుతుంది. గంటకు 250 కి.మీ. వేగంతో పోయే కారుకు అదే ఫ్లోరు 17 రెట్లు ఎక్కువ బలం ఇస్తుంది. మనకు ఆ వేగాలు లేవు. అందువల్ల పీడన గుణకంలో ప్రతి పదో వంతు కోసమూ పని చేయక తప్పదు.

నిబంధనల్లో మా ఆకృతిని శాసించేవి ప్రధానంగా రెండు. డ్రైవరు కూర్చున్న స్థితిలో టైర్లు తప్ప కారులోని ఏ భాగమూ నేలకు 30 మి.మీ. కంటే దగ్గరగా ఉండకూడదు. పక్క నుంచి చూసినప్పుడు ప్రతి టైరుకూ ముందు 75 మి.మీ., వెనక 75 మి.మీ. మేర గల స్థలంలోకి ఏ భాగమూ చొచ్చుకురాకూడదు. మొదటి నిబంధన వల్ల ఫార్ములా 1 నాటి లోటస్ 78, 79 కార్ల మాదిరిగా ఫ్లోరు అంచుల్ని నేల దాకా స్కర్టులతో, అంటే నిలువు పలకలతో, మూసే మార్గం లేదు. 1978లో మారియో ఆండ్రెటి చాంపియన్ కావడానికి తోడ్పడిన ఆ జారే స్కర్టుల్ని ఫార్ములా 1లో 1981కి నిషేధించారు, 1983కి సొరంగాలనే తీసివేయించి చదునైన అడుగును తప్పనిసరి చేశారు. అంచు తెరిచే ఉంటుంది కాబట్టి, ఆ అంచు గుండా లోపలికి వచ్చే గాలి ఎటువంటిదన్న ప్రశ్న మా ప్రాజెక్టుకు మొదటిది అయింది.

జూన్, చివరి వారం

కారు మొత్తాన్ని పక్కన పెట్టి, ముందు చక్రం ఒక్కదానినే గాలి ప్రవాహాన్ని కంప్యూటరులో లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో నడిపాము. మేము వాడేది 10 అంగుళాల రిమ్ము మీద 16 అంగుళాల బయటి వ్యాసం ఉన్న స్లిక్ టైరు, 60 కి.మీ. వేగంలో అది సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. దాని పై భాగం ఎదురుగాలికి అభిముఖంగా కదులుతుంది గనుక, ఆగి ఉన్న చక్రంతో పోలిస్తే ప్రవాహం చాలా ముందుగానే, చక్రపు శిఖరానికి ఇవతలే, ఉపరితలాన్ని విడిచిపోతుంది. చక్రం వెనక చెదిరిన గాలి, అంటే వేక్, ఎత్తు అందువల్ల పెరుగుతుంది. అయినా చక్రాన్ని పైకెత్తే లిఫ్టూ వెనక్కు లాగే డ్రాగూ రెండూ ఆగి ఉన్న చక్రం కంటే తక్కువే వస్తాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫాక్‌రెల్, హార్వే 1970లలో కదిలే బెల్టు మీద చక్రాన్ని తిప్పి, దాని ఉపరితల పీడనాన్ని కొలిచి చూపిన సంగతి ఇది. మా లెక్క ఆ ధోరణినే అనుసరించడంతో ముందుకు సాగే ధైర్యం వచ్చింది.

ఆ పరిశోధన బయటపెట్టిన మరో విషయం మా పనికి ఇంకా ముఖ్యమైనది. టైరు నేలను తాకే చోటికి సరిగ్గా ముందు, కిందికి దిగుతున్న టైరు ముఖమూ వెనక్కు పోతున్న నేలా కలిసి గాలిని ఒక ఇరుకైన చీలికలోకి లాగుతాయి. ఆ రెండు ఉపరితలాలూ గాలి మీద పని చేస్తున్నందువల్ల అక్కడి పీడనం ఎదురుగాలిని పూర్తిగా ఆపితే వచ్చే పీడనాన్ని కూడా మించిపోతుంది. ఎటూ పోలేని ఆ గాలి రెండు పక్కలకూ చిమ్ముతుంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద లారీ టైరు రెండు వైపులకూ నీటిని ఎలా విరజిమ్ముతుందో గమనించినవారికి దీని దిశ వేరే చెప్పనక్కర లేదు. లోపలి వైపు చిమ్మిన భాగమే నేలను అంటుకుని ఒక సుడిగా చుట్టుకుని, నేరుగా మా సొరంగం నోటి వైపు వస్తుంది.

మెష్ విషయంలో, అంటే లెక్క కోసం గాలిని విడగొట్టిన చిన్న గళ్ల విషయంలో, ఒక వివరం నమోదు చేయాలి. గుండ్రటి టైరు చదునైన నేలను తాకే చోట కోణం సున్నాకు చేరుతుంది కాబట్టి అక్కడి గళ్లు సూదుల్లా సాగి లెక్కను చెడగొడతాయి. టైరు కింద కొద్ది మిల్లీమీటర్ల ఎత్తున్న చిన్న దిమ్మెను చేర్చి ఆ సందును పూడ్చాము. దిమ్మె ఎత్తు పెరిగేకొద్దీ పక్కకు చిమ్మే ధార బలహీనపడుతుంది కాబట్టి, లెక్క నిలకడగా సాగినంత మేరకు దాన్ని తక్కువగా ఉంచాము. టైరు బయటి ముఖానికి తిరిగే గోడ వేగాన్ని ఇచ్చాము. రిమ్ము చువ్వల మధ్య ఖాళీకి తిరిగే నిర్దేశ చట్రాన్ని (చక్రంతో పాటు తిరుగుతూ చూస్తున్నట్టు లెక్కించే పద్ధతిని) వాడాము.

జులై

సగం కారు మోడల్, కదిలే నేల, ప్రవాహపు అల్లకల్లోలాన్ని లెక్కించే కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీ మోడల్: ఈ నెలంతా వీటితోనే గడిచింది. ముందు ఇరుసు నుంచి వెనక్కు ప్రతి 100 మి.మీ.కు ఒక అడ్డుకోత తీసి, మొత్తం పీడనం (స్థిర పీడనం, గతిక పీడనం కలిపినది) చిత్రాల్ని వరుసగా గోడకు అంటించాము. వేగం చిత్రాల కంటే ఇవే ఎక్కువ నిజం చెబుతాయి. గాలి ఎక్కడ వేగం పుంజుకుందో కాక, ఎక్కడ శక్తిని కోల్పోయిందో చూపడం వీటి ప్రత్యేకత. చక్రం వెనక మొదట నిలువుగా ఉన్న చెదిరిన గాలి ముద్ద, నాలుగైదు కోతలు దాటేసరికి కింద వెడల్పుగా పరుచుకుని, ఫ్లోరు అంచు కిందికి నాలుకలా సాగుతుంది. ఫ్లోరు కింద పీడనం తక్కువగా ఉన్నందువల్లే అది అటు సాగుతుంది. అంటే ఫ్లోరు ఎంత బాగా పీలిస్తే, చెదిరిన గాలిని అంత ఎక్కువగా తనలోకి లాక్కుంటుంది.

ఈ గాలి చేసే నష్టాన్ని బెర్నూలీ సూత్రంతోనే అర్థం చేసుకోవచ్చు. శక్తి నిండుగా ఉన్న గాలి ఇరుకు భాగంలో వేగం పెంచుకుని పీడనాన్ని బాగా తగ్గించుకోగలదు, ఆ తరవాత డిఫ్యూజర్‌లో పెరిగే పీడనానికి ఎదురెక్కి వెనక మామూలు పీడనాన్ని అందుకోగలదు. టైరు వెనక శక్తిని పోగొట్టుకున్న గాలికి ఆ ఎదురెక్కే సత్తా ఉండదు. అది దారిలోనే ఆగిపోతుంది, పక్కనున్న మంచి గాలిని కూడా పైకప్పు నుంచి ఊడదీస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక జత పరీక్షలు చేశాము. డిఫ్యూజర్ కోణాన్ని 9 డిగ్రీల నుంచి 13 డిగ్రీలకు పెంచినప్పుడు డౌన్‌ఫోర్స్ పెరగకపోగా కాస్త తగ్గింది. ప్రవాహం ఊడిన చోటు ప్రతిసారీ సొరంగపు బయటి మూడో వంతులోనే ఉంది. తరవాత అదే ఫ్లోరును, అదే 13 డిగ్రీల కోణాన్ని ఉంచి, కంప్యూటరులో ముందు చక్రాల్ని మాత్రం తొలగించి నడిపాము. ప్రవాహం చివరి దాకా పైకప్పును అంటుకునే ఉంది, డౌన్‌ఫోర్సూ పెరిగింది. ఆకారంలో లోపం లేదని, లోపమంతా దానికి అందుతున్న గాలిలోనే ఉందని ఇంతకంటే సూటిగా చెప్పే పరీక్ష నాకు తెలియదు. ముందు టైరు వేక్ దారి ఖాయమయ్యేదాకా డిఫ్యూజర్ కోణాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఆ రోజే బృందంలో తీర్మానం రాసుకున్నాము. డిఫ్యూజర్‌ను పెద్దది చేస్తే చాలునన్న అభిప్రాయం విద్యార్థి జట్లలో బలంగా ఉంది. దానికి ఇంత ఆదరణ ఎందుకో నాకు అర్థం కాదు.

ఒక పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి. చక్రం వేక్ స్వభావరీత్యా అస్థిరమైనది, ప్రవాహం కాలంతో మారదని అనుకునే స్థిర స్థితి లెక్క దాని సగటును కూడా పూర్తి నమ్మకంగా ఇవ్వదు. అందువల్ల చివరి దశలో బలాలు ఊగిసలాడిన మేర సగటు తీసుకుని, ఆ ఊగిసలాట కంటే పెద్దదైన తేడాని మాత్రమే తేడాగా లెక్కించాము.

ఆగస్టు

వేక్‌ను బయటికి నెట్టే పని ఫ్రంట్ వింగ్ దగ్గరే మొదలవుతుంది. ఫార్ములా 1లో 2009 నుంచి 2021 దాకా ఈ కళ పరాకాష్ఠకు చేరింది. వింగ్ మధ్య భాగంలో అందరికీ ఒకే ఆకారం తప్పనిసరి కావడంతో, ఆ భాగం ముగిసే చోట, మధ్య గీతకు 250 మి.మీ. దూరంలో, పుట్టే వై250 సుడిని జట్లు ముందు టైరు వేక్‌ను ఫ్లోరుకు దూరంగా నెట్టడానికి వాడుకున్నాయి. దాని మూల్యాన్ని వెనక వచ్చే కారు చెల్లించింది. ఫార్ములా 1 సంస్థ ప్రకటించిన అంకెల ప్రకారం, పాత కారు ముందున్న కారుకు 10 మీటర్ల దూరంలో తన డౌన్‌ఫోర్స్‌లో 46 శాతం కోల్పోయేది. 2022 నిబంధనల కారుకు ఆ నష్టాన్ని 18 శాతానికి తగ్గించాలన్నది ఉద్దేశం. అందుకే 2022లో సొరంగాలు తిరిగి వచ్చాయి, చక్రాలకు మూతలు, ముందు టైర్ల మీద చిన్న రెక్కలు కూడా చేరాయి.

మాకు ఆ బాధ లేదు. ఫార్ములా స్టూడెంట్‌లో కార్లు ఒకదానినొకటి ఆనుకుని పోటీ పడవు. ఎండ్యూరెన్స్ అనే దూరపు పరుగులో కూడా దాటడానికి ప్రత్యేక స్థలాలు కేటాయిస్తారు. మేము బయటికి తోసిన మురికి గాలి ఎవరి మీద పడినా మాకు నష్టం లేదు, కనుక ఫార్ములా 1 వదిలించుకోవాలనుకున్న అవుట్‌వాష్‌నే, అంటే గాలిని బయటికి నెట్టడాన్నే, మేము నిశ్చింతగా కోరుకున్నాము.

మొదట వింగ్ చివరి పలకను వెనక అంచు వద్ద బయటికి వంచి చూశాము. టైరు ముందున్న గాలి బయటికి మళ్లిన మాట నిజమే గానీ, వింగ్ చివరి భాగం తన సొంత డౌన్‌ఫోర్స్‌లో కొంత పోగొట్టుకుంది, కారు సమతూకం వెనక్కు జరిగింది. మొత్తం మీద లాభం మిగిలింది కాబట్టి ఒంపును సగానికి తగ్గించి ఉంచుకున్నాము. అసలైన మార్పు సొరంగం నోటి వద్ద వచ్చింది. అక్కడ నిలువుగా నిలిపిన మూడు సన్నని పలకలు, ముందు అంచు మధ్య గీతకు సమాంతరంగా, వెనక అంచు బయటికి తిరిగి ఉండేలా వంచినవి, లోపలికి వస్తున్న గాలిలో బయటి పాయను ఫ్లోరు అంచు వైపు మళ్లిస్తాయి. ఒక్కొక్క పలక కింది అంచు నుంచి ఒక గట్టి సుడి పుట్టి సొరంగం వెంట సాగుతుంది. ఆ సుడి నడిమిన పీడనం తక్కువ గనుక అదీ కొంత డౌన్‌ఫోర్స్ ఇస్తుంది. కోతల చిత్రాల్లో ఆ నాలుక ఫ్లోరు అంచు దగ్గరే ఆగిపోవడం కనిపించింది. నాలుగో పలకను చేరిస్తే నోరు ఇరుకై ప్రవాహ పరిమాణమే పడిపోయింది, మూడుతో ఆపాము.

ఇది ఖాయమయ్యాకనే డిఫ్యూజర్‌కు తిరిగి వెళ్లాము. చక్రాలు ఉన్న కారులోనే ఇప్పుడు 12 డిగ్రీలు నిలబడ్డాయి. 13 వద్ద ఇంకా అంచున ఊడుతోంది.

సెప్టెంబరు

వెనక టైరు సమస్య వేరే రకంది. అక్కడ పక్కకు చిమ్మే ధార నేరుగా డిఫ్యూజర్ లోపలికే కొడుతుంది, అదీ పీడనం కోలుకోవలసిన సున్నితమైన చోట. ఫార్ములా 1లో 2011 నాటి కార్లు ఇంజను పొగను సరిగ్గా ఆ సందులోకి ఊది, డిఫ్యూజర్ అంచును గాలి తెరతో మూసేవి; మరుసటి ఏడాదికి ఆ మార్గాన్ని నిబంధనలు మూశాయి. 2021లో డౌన్‌ఫోర్స్ తగ్గించవలసి వచ్చినప్పుడు నిబంధనలు రాసేవారు వెనక టైరు ముందున్న ఫ్లోరు ముక్కనే ఏటవాలుగా కోయించారంటే, ఆ కాస్త చోటు విలువ ఎంతో తెలుస్తుంది.

మా ఫ్లోరు టైరుకు 75 మి.మీ. ముందే ఆగిపోవాలి, ఆ పైన టైరు లోపలి ముఖం పక్క నుంచే వెనక్కు సాగాలి. ఆగే చోట ఫ్లోరు బయటి అంచును కొంచెం పైకి మడిచాము. ఆ మడత కింద నుంచి శక్తి ఉన్న గాలి పాయ ఒకటి టైరుకూ డిఫ్యూజర్ గోడకూ మధ్య దూరుతుంది, చిమ్మిన ధారను వెనక్కు ఈడ్చుకుపోతుంది. డిఫ్యూజర్ బయటి గోడను నిబంధన హద్దుకు దగ్గరగా, నేలకు 35 మి.మీ. దాకా దించాము. మిగిలిన 5 మి.మీ. బ్రేకు వేసినప్పుడు, మలుపులో ఒరిగినప్పుడు ఫ్లోరు నేలకు గీసుకోకుండా పెట్టుకున్న జాగ్రత్త. పైకప్పు ఎత్తును మాత్రం గాలి నిర్ణయించలేదు, డ్రైవ్ షాఫ్టులు నిర్ణయించాయి.

అక్టోబరు

ఇంతవరకూ చూసినదంతా నేరుగా పోయే కారు. వలయం చుట్టూ తిరిగే స్కిడ్‌ప్యాడ్ అనే పోటీ అంశంలో వలయం లోపలి వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. దారి మధ్య గీత వ్యాసార్ధం 9 మీటర్ల పైచిలుకు. మా వీల్‌బేస్, అంటే ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం, 1550 మి.మీ. కాబట్టి జ్యామితి ప్రకారం ముందు చక్రాలు దాదాపు 10 డిగ్రీలు తిరగాలి. ఒక చుట్టు 5 సెకన్లలో పూర్తయితే వేగం గంటకు 41 కి.మీ. ఇలాంటి మలుపులే మా కారుకు నిత్యం ఎదురయ్యేవి, డౌన్‌ఫోర్స్ అవసరమయ్యేదీ అక్కడే.

ఎడమ మలుపును ఊహించండి. చక్రాల ముందు భాగం ఎడమకు తిరిగితే వెనక భాగం కుడికి జరుగుతుంది. బయటి చక్రానికి, అంటే కుడి చక్రానికి, అది మేలే. వేక్ కారుకు దూరంగా పోతుంది. లోపలి చక్రం వేక్ మాత్రం నేరుగా ఫ్లోరు వైపు తిరుగుతుంది. పైగా కారు తిరుగుతున్నందువల్ల ముందు ఇరుసు వద్ద గాలి కూడా కుడికి వాలుతూనే వస్తుంది. రెండు కారణాలూ ఒకే దిశలో పనిచేసి లోపలి సొరంగాన్ని దెబ్బతీస్తాయి. సగం కారు మోడల్‌లో ఇది కనబడే వీలే లేదు. పూర్తి కారును తిరిగే చట్రంలో నడిపినప్పుడు లోపలి సొరంగం బయటి దానికంటే బాగా తక్కువ బలం ఇచ్చింది. బయటి పలక ఒంపును కొంచెం పెంచి, మధ్య పలకను తగ్గించడంతో ఆ తేడా కొంత పూడింది. నేరుగా పోయేటప్పుడు దీనివల్ల కాస్త నష్టం ఉంది; దాన్ని తెలిసే ఒప్పుకున్నాము.

నవంబరు

ఎండీఎఫ్ పలకల్ని అతికించి కోయించిన అచ్చు మీద లప్పం పట్టి, నీటి ఎమరీ కాగితంతో రుద్ది, మైనం పూసి, గ్లాస్ ఫైబర్ పొరల మధ్య ఫోమ్ పెట్టి ఫ్లోరును పోశాము. బిగుతు పరీక్షకు నిబంధన సూటిగా ఉంది: 225 చదరపు సెం.మీ. మేర 200 న్యూటన్ల బరువు పెడితే 10 మి.మీ. కంటే ఎక్కువ వంగకూడదు. 15 సెం.మీ. చదరపు చెక్క ముక్క మీద 20 కిలోల పైచిలుకు జిమ్ బరువులు పేర్చి, డయల్ గేజ్‌తో చూశాము. బయటి అంచు మాత్రమే ఆ హద్దుకు దగ్గరగా వచ్చింది, అక్కడ ఛాసిస్ నుంచి ఒక సన్నని తీగ స్టే కట్టాము.

డిసెంబరు

ట్రాక్ మీద పరీక్షకు రెండు సాధనాలు వాడాము. మొదటిది రంగు. లిక్విడ్ పారాఫిన్‌లో ముగ్గుల దుకాణంలో దొరికే పసుపుపచ్చ, గులాబీ పొడుల్ని కలిపి, ఫ్లోరు అడుగున పలకల వెనక ఒక రంగు, అంచు వెంట మరో రంగు పూశాము. మిశ్రమం పల్చనైతే బయల్దేరకముందే కారిపోతుంది, చిక్కనైతే మా వేగాలకు అసలు కదలదు. చెంచా నుంచి తెగకుండా జారే పాకం సరిపోయింది. సూటి దారిలో ఒకే వేగంతో నడిపి, జాకీ మీద ఎత్తి చూస్తే, మూడు పలకల వెనక గులాబీ గీతలు వంకరగా బయటికి సాగి, అంచు పసుపును దాటకుండా దాని పక్కనే వెనక్కు మళ్లాయి. డిఫ్యూజర్ పైకప్పు మీద గీతలు చివరి దాకా తెగలేదు. వెనక టైరు పక్కన మాత్రం అరచేయంత మేర రంగు చుక్కలుగా నిలిచిపోయింది. ధార ఇంకా అక్కడ తగులుతోందనడానికి అది చాలు.

రెండో సాధనం పీడన కొలత. ఫ్లోరుకు పెట్టిన సన్నని రంధ్రాల నుంచి ఒకే పొడవున్న గొట్టాలు తెచ్చి ఎంపీఎక్స్‌వీ7002 సెన్సర్లకు కలిపాము. ఈ సెన్సరు 1 కిలోపాస్కల్‌కు 1 వోల్టు ఇస్తుంది, 60 కి.మీ. వేగపు పూర్తి గతిక పీడనం అందులో 0.15 వోల్టు మాత్రమే. 5 వోల్టుల 10 బిట్ల ఆర్డుయినో బోర్డుతో చదివితే ఆ మొత్తం 31 మెట్లలో ఇరుక్కుంటుంది. అందుకని వోల్టేజీని అంకెలుగా మార్చే 16 బిట్ల ఏడీసీని చేర్చాము, ప్రతి పరుగుకు ముందు కారు నిలిచి ఉండగా సున్నాను మళ్లీ సరిచేశాము. పోలికకు కావలసిన స్థిర పీడనానికి మూత బిగించిన స్టీలు ఫ్లాస్కును వాడాము. మామూలు సీసా అయితే ఎండకు లోపలి గాలి వ్యాకోచించి, కొలవదలచిన తేడానే మింగేస్తుంది.

సొరంగం ఇరుకు భాగంలో కొలత కంప్యూటరు లెక్కకు దగ్గరగానే వచ్చింది. బయటి అంచు వెంట చూషణ లెక్క కంటే తక్కువగా ఉంది, పైగా ఒక్క క్షణం కూడా నిలకడగా లేదు. స్థిర స్థితి లెక్క వేక్‌ను నిజానికంటే పొందికగా చూపిందని దీన్నిబట్టి అనుకుంటున్నాను. వచ్చే వారం కారును ముందు వైపు 5 మి.మీ. దించి, అవే రంధ్రాల్ని మళ్లీ చదువుతాము. ఇరుకు భాగంలో చూషణ పెరిగి అంచున పడిపోతే మొదటి పలకను 10 మి.మీ. ముందుకు జరుపుతాము, దాని బోల్టు రంధ్రాల్ని అందుకోసమే పొడవుగా కోసి ఉంచాము.